మూత చప్పుడు

సజ్జా క్యాంపు, పద్దెనిమిదో గది.
రేపు పండుగ సెలవు.
మెస్ హాల్లో ఎల్లేశం గారడీ,
పాట నొక్కే పని నాది.

డబ్బా వాడే చేసుకున్నాడు,
షట్టరింగ్ ముక్కలు ఏరి, ఫోర్‌మన్ టీకి పోయినప్పుడల్లా ఒక మేకు.
తెరకి రఫీకుల్ లుంగీ.
పావురం లేదు, ఉల్లిపాయ ఉంది.
పాటే దొరకలేదు.

"ఏదో ఒకటి పెడదాంలే" అన్నాను.
చేతిలో స్పానర్ జారవిడిచినోణ్ణి
చూసినట్టు చూశాడు.
"డబ్బాల మూతొకటి పడుతదన్నా. టక్కుమంటది.
ఆ టక్కు మీద దెబ్బ పడాలె.
ముందు పడితే తొందర,
ఎనక పడితే దొంగతనం."

నాది టెక్కలి వైపు. వాడి మాట సగం
రెండోసారి వింటేగాని ఎక్కదు.
ఇది మాత్రం ఒకేసారికి ఎక్కింది.

సినిమా పాట పెట్టాను. గదంతా లేచి ఎగిరింది,
వాడి చేతుల వంక చూసినోడు లేడు.
"నేను మాయం చేసేది ఉల్లిగడ్డను, నన్ను కాదు."

జర్‌వలీ తన ఫోన్లో రబాబు వినిపించాడు.
వింటూ వింటూ అతనికే కళ్ళు నిండాయి.
నీళ్ళ కళ్ళకి గారడీ ఆనదని అదీ వద్దన్నాడు.
బిజోయ్ చెండ మేళం పెట్టాడు, బాగుంది,
కానీ అంత మోత విన్నాక
జనం ఏనుగు కోసం చూస్తారు,
ఉల్లిపాయ చాలదు.
సన్నాయి అన్నాను. "పెండ్లయితది" అన్నాడు.

పదకొండు దాటింది. ఎవరూ అడక్కపోయినా
ఏసీ తన పాట తాను పాడుతోంది.

అప్పుడు చెప్పాడు, పై మంచం మీంచి కాళ్ళు వేలాడేసి:
వాళ్ళు సాధనాశూరులట,
సిరిసిల్ల చుట్టుపక్కల పద్మశాలీల వాడల్లో ఆట.
మగ్గాలు ఆపి వచ్చినవాళ్ళ ముందు
చిన్నాయన నోట్లోంచి నూలు తీస్తుంటే బారలకి బారలు,
నాయిన డోలు కొట్టేవాడట.
"ఆ డోలుంటే నాకీ గోస లేకుండె."

ఒక పెళ్ళి వీడియోలో ఉందని గుర్తొచ్చింది.
చెల్లెల్ని లేపాడు. అక్కడ పన్నెండున్నర.
తిడుతూనే పంపింది.

నాలుగు నిమిషాల ముక్క.
పిల్లల గోల, జనరేటరు, పప్పు ఇటు తెమ్మనే ఎవరిదో గొంతు.
అన్నిటి అడుగున డోలు,
బిందె అడుగున రాయిలా.
మధ్యలో ఎవరో గట్టిగా దగ్గారు.
"మా నాయిన" అన్నాడు.
"దగ్గు కోసేస్తాను" అన్నాను. ఫోన్లో అలాంటివి నాకొచ్చు.
సరేనన్నాడు. కోసేముందు ఒక్కసారి
డబ్బాతో సరిచూసుకుంటానన్నాడు.

ఉల్లిపాయ వేశాడు. లుంగీ కప్పాడు.
డోలు ఎక్కుతోంది, ఎక్కుతోంది,
బొటనవేలు కదిలింది.
నాయిన దగ్గాడు.

మూత పడిందా?
పడింది. మాకెవరికీ వినబడలేదు.

మళ్ళీ చేశాడు. అక్కడే దగ్గు.
మళ్ళీ.
నాలుగోసారి ఉల్లిపాయ చేతిలోనే ఉండిపోయింది.

"బీడీ దగ్గనుకున్నా అన్నా, ఇన్నేండ్లు.
కరీంనగర్ తీస్కపోయి ఎక్స్‌రే తీపిచ్చిన.
ఆట నడుమ దగ్గుతవేందని నలుగుర్ల కసిరిన.
నాక్కూడా చెప్పలే."

రఫీకుల్‌కి తెలుగు రాదు.
అయినా లేచి లైటు ఆర్పాడు.

నేనేమీ కోయలేదు.

మర్నాడు మెస్ హాల్లో కుర్చీలు చాల్లేదు,
టేబుళ్ళ మీదా కిటికీల్లోనూ మనుషులే.
నొక్కాను. పప్పు అడిగినాయన అడిగాడు, జనరేటరు మోగింది,
డోలు వచ్చింది, ఎల్లేశం చేతులు వచ్చాయి,
దగ్గు వచ్చింది,
ఉల్లిపాయ పోయింది.

చప్పట్లు ఇంకా మొదలుకాలేదు.
వెనక వరుసలో పేరు తెలియని ముసలి వెల్డరొకడు
నీళ్ళ సీసా పట్టుకుని లేచి నిలబడ్డాడు.
తలలన్నిటి మీదుగా వెతుకుతున్నాడు
దగ్గింది ఎవరా అని.